సెలవు అని రాసి ఉంది

2020 సెప్టెంబరు 7, వెంబకోట్టై

ఇవాళ్టి నుంచి జిల్లా దాటి కూడా బస్సులు. శివకాశి బస్సయితే ఒకటో తారీఖు నుంచే తిరుగుతోంది. అమ్మ వాకిట్లో కూర్చుని అన్నీ లెక్క పెట్టుకుంటోంది.

"బస్సులొచ్చేసినాయి గదరా, పనికి పోవేం?"

"సెలవిచ్చినారమ్మా."

"ఎన్నాళ్ళు?"

లేచి చెంబు తీసుకుని పెరట్లోకి పోయాను.

ఈ నోటుబుక్కు ప్రెస్సుది. ప్రూఫు గుర్తులు రాసుకోడానికి ఇచ్చారు. సగం ఖాళీ. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, నాకు తప్ప ఒక్కరికీ తెలుగు అక్షరాలు రావు. పాపకు కూడా తమిళం, ఇంగ్లీషే. ఇందులో ఏం రాసినా నాకే.

సెప్టెంబరు 18

అధిక ఆశ్వయుజం మొదలు. తమిళ క్యాలెండర్లకు ఈ తంటా లేదు, పురట్టాసి పురట్టాసే. తెలుగు డైలీ షీటులోనే 'అధిక', 'నిజ' తారుమారు కాకుండా కాపలా కాయాలి. ఈ ఏటి పేజీలు నిరుడు నేనే కూర్చాను. ఏడాదిలో నెల ఒకటి ఎక్కువని నవ్వుకున్నాను కూడా. జీతం లేని ఏడాది అదేనని తెలిస్తే నవ్వేవాణ్ణి కాదు.

2021 ఎవరు కూరుస్తున్నారో. ఆడి పద్దెనిమిదికి శాంపిల్ ఆల్బములు వచ్చాయో లేదో. వర్జ్యం గడి పక్కనే దుర్ముహూర్తం పడితే ఫాంటు ఒక పాయింటు తగ్గించాలి, లేకపోతే ఒత్తులు కింది గీతకు తగులుతాయి. ఆ సంగతి కొత్తవాడికి ఎవరు చెబుతారు?

అసలు కొత్తవాణ్ణి పెట్టుకున్నారా?

సెప్టెంబరు 24

బైండింగులో చేసే చిన్నాయన ఫోను. ఆయననూ పిలవలేదట. ఈఎస్‌ఐలో సగం కూలి ఇస్తారట, తొంభై రోజులకు. ఇంతకు ముందు పావు వంతే. మార్చి 24 మొదలు డిసెంబరు 31 లోపల పని పోయినవాళ్ళకు సగం చేశారు. ఇదివరకు తొంభై రోజులు ఖాళీగా ఉంటేగాని అడగనిచ్చేవాళ్ళు కాదు, ఇప్పుడు ముప్పై చాలు. ప్రెస్సు ముదలాళి చేత పంపించనక్కర్లేదు, మనమే నేరుగా పెట్టుకోవచ్చు.

రెండేళ్ళు బీమాలో ఉండాలి. పని పోక ముందరి ఆర్నెల్ల చందా కాలంలో 78 రోజులు, దానికి ముందు మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78. అవన్నీ నాకున్నాయి. బతుకంతటికీ ఒక్కసారే ఇస్తారు.

రేకుపెట్టెలో జీతం స్లిప్పులు వెతికాను. నూటికి ముప్పాతిక రూపాయి. పన్నెండు వేలకు నెలకు తొంభై. ఆ తొంభైని తిట్టుకోని నెల లేదు. జ్వరమొస్తే కూడా ఈఎస్‌ఐ ఆస్పత్రి వరసలో నిలబడలేక మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నవాణ్ణి.

సెప్టెంబరు 29

పాప చేత దరఖాస్తు పెట్టించాను. ఇంట్లో సిగ్నలు అందదు, ఆనకట్ట గట్టు మీద కూర్చున్నాం. పథకం పేరు హిందీలో బారెడుంది. కూడబలుక్కుని చదివి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. 'పని పోయిన తేదీ' అనే గడి దగ్గర ఆగింది.

"ఏం తేదీ వెయ్యాలి నాయనా?"

నాకు తెలిస్తే గదా. రావద్దు అని ఎవరూ అనలేదు. మే నెలలో సగం మందిని పిలిచారు. ఆ సగంలో నేను లేను. అంతే. దానికి తేదీ ఏముంటుంది?

లాక్‌డౌన్ మర్నాటి తేదీ వేసింది.

వచ్చేటప్పుడు దారిలో అడిగింది: "అవ్వకు తెలుసునా?"

"ఇప్పుడే చెప్పకు."

తలూపింది. దాని ముందు ఎప్పుడూ లేనంత చిన్నవాణ్ణయిపోయాను. పదో తరగతి పిల్ల. కల్వి టీవీలో పాఠాలు వింటూ మధ్యలో నా ఫారాలు నింపుతోంది.

అక్టోబరు 6

ఆన్‌లైన్లో పెడితే సరిపోదు. ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్. ఆధార్ నకలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ. నోటరీ దగ్గర రాసేవాడు టకటకా కొట్టి ఇచ్చాడు. నేను నిరుద్యోగినని దేవుడి మీద ప్రమాణం. చదువుతుంటే ఊరి పేరులో ఒక అక్షరం పోయింది. చెయ్యి ఊరుకోలేదు. జేబులో పెన్ను తీసి అంచున దిద్దుబాటు గుర్తు పెట్టేశాను.

నోటరీ నా మొహం చూశాడు. "ఇది స్టాంపు పేపరయ్యా!"

మళ్ళీ ఇరవై రూపాయలు.

అక్టోబరు 14

స్టేటస్: పెండింగ్.

పొద్దున పాప చూస్తుంది, మధ్యాహ్నం నేను. రాత్రి ఇంకోసారి, ఆఫీసు మూసేశాక ఏం మారుతుందని? అయినా.

అక్టోబరు 19

ఈఎస్‌ఐ ఆఫీసు మనిషి మంచివాడు. మాస్కు కిందికి జారుతుంటే ఎగలాక్కుంటూ స్క్రీను నా వైపు తిప్పాడు. ఏప్రిల్ నుంచి నా పేరు ఎదురుగా రోజులు సున్నా. జీతం సున్నా. పక్కన కారణం గడిలో 1.

"ఒకటి అంటే?"

"సెలవు."

కంపెనీ నెలనెలా చందా లెక్క పంపేటప్పుడు, సున్నా రోజులున్నవాడికి కారణం నంబరు వెయ్యాలట. జాబితా చూపించాడు. 2 అయితే పని మానేశాడు. 3 రిటైరయ్యాడు. 5 చనిపోయాడు. 8 పని నిలిపేశారు. 9 సమ్మె, లాకౌటు. 10 తీసేశారు. 11 పని లేదు.

"నీకు పదకొండు వెయ్యాల్సింది. ఒకటి వేసి ఉంది. సెలవులో ఉన్నావంటే పని పోనట్టే గదప్పా. మేం కంపెనీని అడుగుతాం. నువ్వూ అడుగు."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు ఏ ఊరు దాటిందో తెలీలేదు.

అమ్మకు నేను చెప్పిందే వాళ్ళూ రాశారు.

అక్టోబరు 25

ఆయుధపూజ. ప్రెస్సుకు పోయాను. పిలిచారనుకోవచ్చు, ఏటా పోయేదే. నాలుగు రంగుల మెషిను పక్కల అరటి పిలకలు, రోలర్ల మీద విభూతి, చందనం. నా కంప్యూటరు మీద కూడా బొట్టు. కుర్చీలో పరాయి తువ్వాలు.

అడగాలనే పోయాను. మేనేజరు అన్న పొరి, శనగల పొట్లం చేతిలో పెట్టి "ఇంట్లో అందరూ బాగున్నారా" అన్నాడు. బాగున్నారన్నాను. ఒకటా పదకొండా అన్న మాట పొరిలో కలిసిపోయింది.

నవంబరు 10

నా భార్య దీపావళి ముందు కొన్ని వారాలని పటాసు పనికి పోయింది. ఇవాళ ఆపేశారు. రాజస్థాన్, ఒడిశా, ఢిల్లీ, బెంగాల్ అన్నీ కాల్చొద్దన్నాయి. నిన్న గ్రీన్ ట్రిబ్యునల్ కూడా. ముఖ్యమంత్రి ఎడప్పాడి ఉత్తరాలు రాశాడని టీవీలో చెప్పారు. లారీలు వెనక్కి తిరిగొచ్చాయని కొందరు, రాలేదని కొందరు.

వేళ్ళ సందుల్లో వెండిరంగు పొడి అలాగే ఉంది. శీకాయ పెట్టి రుద్దుతోంది.

ఆమెకు ఈఎస్‌ఐ నంబరు లేదు. ఎన్ని ఒత్తులు గుచ్చితే అంత కూలి. పని నిలిచిపోయిందని రాయడానికి గడి లేదు. నాకయితే తప్పుదైనా ఒక నంబరుంది.

నవంబరు 13

నిన్న తెలంగాణ హైకోర్టు నిషేధం. ఇవాళ సుప్రీంకోర్టు రెండు గంటలు కాల్చుకోమంది, గ్రీన్ పటాసులు మాత్రం. రేపే పండగ. హైదరాబాదులో ఎవడు కొంటాడు ఒక్క రాత్రిలో?

అమ్మ అతిరసాలు చేసింది. బెల్లం పాకం కుదరలేదని మా అందరి మీదా కోపం.

నవంబరు 18

అఫిడవిట్ అక్కర్లేదట ఇక మీదట! కాగితాలు స్కాన్ చేసి పెడితే చాలునట. ఆఫీసుకు తీసుకుపోయే పని కూడా లేదు. పేపర్లో చదివి వినిపించింది పాప. నోటరీ మొహం గుర్తొచ్చి ఇద్దరం నవ్వాం.

స్టేటస్ అదే.

నవంబరు 23

మరదలు వచ్చింది. ఆమె కథ ఇంకో రకం. విరుదునగర్ ఎంప్లాయిమెంట్ ఆఫీసులో బి.ఏ. రాయించుకుని అయిదేళ్ళు ఆగింది. అయిదేళ్ళు నిండితేనే ఉద్యోగం లేనివాళ్ళ సాయం. డిగ్రీకి నెలకు 600. పన్నెండు చదివితే 400, పది పాసయితే 300, తప్పితే 200. మూడు నెలలవి కలిపి వేస్తారు. మూడేళ్ళు, అంతే. ఇంటి ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు. ఇంకా పని దొరకలేదని ఏటా కాగితం రాసివ్వాలి.

"ఆ కాగితం ఇయ్యడానికి పోతే సగం బస్సుకే బావా," అంది. నవ్వుతూనే.

నా సంగతంతా విని అంది: "ఫోన్లో అడగబాక. నోటిమాట ఎవురికి గుర్తుంటుంది? రాసి పంపు. రిజిస్టర్ పోస్టులో, వెనక్కొచ్చే కార్డు పెట్టి."

ఈ ఇంట్లో అందరికంటే దానికే తెలుసు ఆఫీసులంటే. ముప్పై నిండింది. సంబంధాలు చూస్తున్నామంటే నవ్వేసి లేచిపోతుంది.

డిసెంబరు 3

బురేవి తుపానని ఆఫీసులు భయపడ్డాయి. మాకు ముసురే. రేగడి చెప్పులకు పట్టుకుని వదలదు, ఒక్కో కాలు ఒక్కో కుంచెడు బరువు. ఆనకట్టకు నీళ్ళు వస్తున్నాయని చూడ్డానికి జనం.

ఉత్తరం తమిళంలో రాశాను. నాకు పని ఇవ్వడం ఎప్పుడు ఆపారో ఆ తేదీ రాసివ్వండి. సెలవు నేను అడగలేదు. కారణం సరిదిద్దండి. మూడు వాక్యాలకు మధ్యాహ్నమంతా పట్టింది. 'దయచేసి' రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. శుభ్రప్రతిలో ఉంచాను.

డిసెంబరు 14

మేనేజరు అన్న ఫోను.

"ఏందిరా ఇది, రిజిస్టర్ పోస్టు! ఎదురుగా అడిగితే కాదంటానా?"

ఊరుకున్నాను.

"సెలవని రాసింది నీకోసమేరా. తీసేసినామని రాస్తే పేరు పోతుంది. మళ్ళా పని మొదలైతే ముదలాళిని ఏమని అడిగేది నిన్ను తీసుకోమని? పేరు ఉంటే తాడు తెగనట్టు."

అబద్ధమని అనలేను. పెళ్ళి కార్డుల సీజను పోయింది, స్కూలు నోటుబుక్కుల ఆర్డరు పోయింది, ఆయన జీతం కూడా సగమేనని విన్నాను. మా పెళ్ళి కార్డు ఆయనే రాత్రి కూర్చుని వేయించాడు, బంగారు రేకుతో, డబ్బు తీసుకోకుండా. నా పేరు పోకుండా కాపాడాననే అనుకుంటున్నాడు. నిజంగానే కాపాడుతున్నాడేమో. పదకొండు అని రాయించుకుని ఆ పద్దెనిమిది వేలు తెచ్చుకుంటే తర్వాత? కుర్చీలో ఆ తువ్వాలు ఎవడిదో.

కానీ ఆ పేరుతో బియ్యం రావు గదా.

"పదకొండు వెయ్యండన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

కాసేపు ఏం లేదు. తర్వాత, "సరే, ఆడిటరుతో మాట్లాడతా" అని పెట్టేశాడు.

డిసెంబరు 15

రాత్రి నిద్ర లేదు. తప్పు చేశానా? చేస్తే చేశాను.

డిసెంబరు 20

అమ్మకు చెప్పాను. సెలవు కాదమ్మా, పని లేదు. మార్చి నుంచీ.

ఏడుస్తుందనుకున్నాను. చీపురు కింద పడేసి లేచింది.

"అప్పుడే చెప్పుంటే మొక్కజొన్న చేలోకి పంపుండేదాన్ని గదరా! నూరు రోజుల పని కార్డులో నీ పేరుంది. రోజుకు 256! ఇన్నాళ్ళూ తిని గట్టు మీద కూర్చుంటివే!"

వీధి వీధంతా విన్నది. బాగుంది. ఇక ఎవరికీ చెప్పే పని లేదు.

డిసెంబరు 28

కాలవ పూడిక. పార పట్టి చాలా ఏళ్ళయింది. అరచేతుల్లో బొబ్బలు. మేస్త్రీ అమ్మ తరఫు బంధువు, చూసీ చూడనట్టు పోయాడు. పక్కన తవ్వే ఆడవాళ్ళు "క్యాలెండర్ అన్నా, పొంగలి ఎన్నడు?" అని ఆట పట్టిస్తున్నారు.

ఈ కూలి వస్తే అక్కడ నిరుద్యోగి కాననంటారా? అడగాలి. అడిగితే చెబుతారా, కొత్త గడి ఏదైనా తెరుస్తారా?

2021 జనవరి 5

రేషను కడ దగ్గర పొంగలి కానుక. ఈసారి 2,500, చెరకు గడ, పచ్చిబియ్యం, చక్కెర. వరస అమ్మన్ గుడి దాకా. ఎన్నికలొస్తున్నాయి గదా అని అందరూ చెవుల్లో అనుకోవడం, గట్టిగా పుచ్చుకోవడం.

వరసలో ఉండగానే ఆఫీసు నుంచి ఫోను. కంపెనీ జవాబు ఇచ్చిందట. ఆధార్‌లో నా పేరు ముందు నాయన ఇనీషియల్, బ్యాంకులో వెనకాల. ఒకటే మనిషినని బ్యాంకు చేత రాయించుకు రావాలి.

ఒకటే మనిషినే. ఎవరైనా రాసివ్వండి.

జనవరి 19

పాప బడికి పోయింది. పదికి, పన్నెండుకు మాత్రం తెరిచారు. యూనిఫారం పొట్టయింది. స్టేటస్ చూసే పని ఇక నాదే. ఇంగ్లీషు మాటలు ఒకటొకటే అలవాటయ్యాయి. పెండింగ్ పోయింది. బ్రాంచి మేనేజరు దగ్గర ఉందంటోంది.

గడువు జూన్ 30 దాకా పొడిగించారట. చిన్నాయనకు చెప్పాను, ఇంకా పెట్టలేదు ఆయన. ఆయన గడిలోనూ ఒకటే ఉందట. నా ఉత్తరం నకలు ఇచ్చాను, పేరు మార్చి పంపమని.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం మోత. తర్వాత ఇంకోటి. ఇంకా. గిన్నెలు కదిలాయి. అచ్చంకుళం పటాసు ఫ్యాక్టరీ వైపు పొగ.

నా భార్య పోయిన నెల నుంచి మళ్ళీ పటాసు పనిలో. వేరే కంపెనీ, వేరే దిక్కు. అది తెలిసి కూడా సైకిలు తీసుకుని దారిలో సగం దూరం తొక్కాను. ఎదురు వచ్చింది, నలుగురు ఆడవాళ్ళతో, చెప్పులు చేత్తో పట్టుకుని.

టీవీలో చనిపోయినవాళ్ళ అంకె పెరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 14

ప్రధాని నిధి నుంచి రెండు లక్షలు, ముఖ్యమంత్రి మూడు లక్షలు. వాటికీ కాగితాలు కావాలి. వారసుల సర్టిఫికెట్టు, బ్యాంకు పుస్తకం. ఇనీషియల్ ముందా, వెనకా.

అక్కడ ఎవరి పేరు ఏ రిజిస్టరులో ఉందో. ఉందా?

ఫిబ్రవరి 22

డబ్బు పడింది. మెసేజి పొద్దున్నే. పద్దెనిమిది వేల చిల్లర. నేను లెక్కేసుకున్నదానికి కాస్త ఎక్కువే.

పాల బాకీ, చిట్టీ రెండు నెలలు, నగల కడలో వడ్డీ. పాపకు యూనిఫారం. మరదలికి సెల్లు రీచార్జి చేయించాను, ఎందుకని అడగలేదు.

నా భార్య పటాసు పనికి పోవడం లేదు. పోనంటోంది. నేనూ పొమ్మనను. ఈ డబ్బు ఉన్నన్నాళ్ళు.

ఫిబ్రవరి 27

నిన్న ఎన్నికల తేదీ చెప్పారు, ఏప్రిల్ 6. ఇవాళ పొద్దున ఏడు కొట్టక ముందే మేనేజరు అన్న.

"పోస్టర్లు, నోటీసులు వరసగా ఉన్నాయి. రేపు రా. దినకూలి. ఎన్నికలయ్యాక చూద్దాం."

"ఈఎస్‌ఐలో పేరు రాస్తారా అన్నా?"

"ముందు రారా నాయనా."

"మొదటి రోజు నుంచే రాయాలన్నా. దినకూలి అయినా రాయచ్చంట, ఆఫీసులో అడిగినాను."

"నువ్వు ఎప్పుడు నేర్చినావురా ఇదంతా?" నవ్వాడు. కోపం కాదు. ఆడిటరును అడిగి సాయంత్రం చెబుతానన్నాడు.

అమ్మ క్యారియర్ తోమి పెట్టింది. ఫోను రాకపోతే రేపు కాలవ పని ఉంది, మేస్త్రీకి ఏ సంగతీ రాత్రి ఎనిమిదిలోగా చెప్పాలి. ఇప్పుడు ఆరున్నర. ఫోను చార్జింగులో పెట్టాను.